ఉప్పలపాడు పక్షుల చెరువు: ఏ వేళకు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

గుంటూరులో పొద్దున్నే కాస్త పచ్చదనం కావాలంటే పార్కులున్నాయి, ఎన్టీఆర్ స్టేడియం ఉంది. కాకపోతే అక్కడ నడకదే రాజ్యం. పలకరింపులు, రాజకీయాలు, ఎవరి ఫోన్లోంచో భక్తిగీతాలు వెంటే వస్తుంటాయి. గంటసేపు ఒకేచోట కూర్చుని ఊరికే చూస్తూ ఉండాలంటే పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు మేలు. గుంటూరు నుంచి పది కిలోమీటర్లలోపే. బెజవాడ నుంచైనా ట్రాఫిక్ కలిసొస్తే గంట ప్రయాణం.

ఒకటి ముందే చెప్పాలి: ఇది నిశ్శబ్దంగా ఉండే చోటు కాదు. ఊరి చెరువు, నీళ్లలో సర్కారు తుమ్మ చెట్లు, కొమ్మకొమ్మకీ గూళ్లు. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఒకదాని మీద ఒకటి పడి కాపురం చేస్తాయి. పెద్ద కొంగలకు గొంతు దాదాపు లేదు, ముక్కులు టకటకలాడిస్తాయంతే. గోలంతా గూళ్లలోని పిల్లలదే. అయినా ఆ గోల హారన్‌లా మనల్ని పక్కకు తప్పుకోమనదు కాబట్టి పది నిమిషాల్లో చెవికి అలవాటైపోతుంది. అలవాటు కానిది వాసన. వందల పక్షుల రెట్ట, పిల్లలకు తెచ్చిన చేపలు, నిలవ నీరు కలిస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. గాలి మన వీపు వైపు నుంచి చెరువు మీదికి వీచే చోట నిలబడితే సగం తగ్గుతుంది.

వానలు బాగా పడి చెరువు నిండాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, గూళ్ల సందడి చూడొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో గుంటూరు ఎండలో వెళ్లి తిట్టుకోవద్దు. వేళ అంతకన్నా ముఖ్యం. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య చేరండి. ఎండెక్కి నేల వేడి పైకి లేవడం మొదలయ్యాక గూడబాతులు, కొంగలు ఆ గాలిని పట్టుకుని రెక్క ఊపకుండా గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లి మేతకు పోతాయి. పది గంటలకు వచ్చినవాళ్లకు మిగిలేది గూళ్ల దగ్గర కాపలా ఉన్నవే. సాయంత్రం నాలుగున్నర తర్వాత తిరుగు ప్రయాణాలు మొదలవుతాయి. చీకటి పడే వేళకు దోమలు కూడా డ్యూటీ ఎక్కుతాయి, ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి. రెట్ట నెత్తిన పడకుండా టోపీ తప్పదు.

చెరువు చిన్నది, అదే దీని గొప్ప. గూడబాతు ముక్కు కింది సంచి మామూలు కంటికే కనిపిస్తుంది. బైనాక్యులర్ ఉంటే మాత్రం సంగతే వేరు. 8×42 చాలు, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లది. 10 రెట్లది చేతిలో వణుకుతుంది. కళ్లద్దాలు ఉన్నవాళ్లు ఐ రిలీఫ్ (కంటికీ బైనాక్యులర్ అద్దానికీ మధ్య ఉండాల్సిన దూరం) కనీసం 15 మిల్లీమీటర్లు ఉన్నది చూసుకుని, రబ్బరు కప్పులు కిందికి దించి వాడాలి. చాలామంది "మసక మసకగా ఉంది" అని పక్కన పడేసేది సరిచేసుకోకపోవడం వల్లే. కుడి గొట్టం మూసి, ఎడమ కంటితో ఒక కొమ్మను చూస్తూ మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకోవాలి. తర్వాత ఎడమది మూసి, చక్రం ముట్టకుండా, కుడి కంటి దగ్గరి రింగు తిప్పి అదే కొమ్మను స్పష్టం చేసుకోవాలి. ఇక ఆ రోజంతా చక్రం ఒక్కటే తిప్పుకుంటే సరి. ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి. ఎదురెండలో అన్నీ నల్ల బొమ్మలే.

ఏం చూడాలి? ఒక్క గూడు ఎంచుకుని అరగంట దాన్నే చూడండి. ఎర్రకాళ్ల కొంగ కాళ్లు ఒక్కోసారి సున్నం పూసినట్టు తెల్లగా ఉంటాయి. ఎండకు ఒళ్లు చల్లబరుచుకోవడానికి తన కాళ్ల మీద తానే రెట్ట వేసుకుంటుంది. తడి ఆరేకొద్దీ వేడి పోతుంది. మిట్టమధ్యాహ్నం రెక్కలు విప్పి పిల్లల మీద గొడుగు పట్టేదీ అదే. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, అది దెబ్బ కాదు. వరి మళ్లలో నత్తల్ని పట్టే పనిముట్టు. గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి తింటుంది. మొదటిసారి చూసేవాళ్లు తల్లి పిల్లను మింగేస్తోందని కంగారు పడతారు.

ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని ఎవరైనా చెబితే తలాడించి ఊరుకోండి. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన దేశపు పక్షులే, నీళ్లున్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. చలికాలంలో గుంపులుగా వచ్చే గులాబీ గోరింకలు మాత్రం నిజంగానే మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే చుట్టాలు.

సంక్రాంతి సెలవులు, ఆదివారం సాయంత్రాలు మానుకోండి. చప్పట్లు, ఈలలు, డ్రోన్లు వద్దే వద్దు. బెదిరితే పెద్దవి లేచిపోతాయి, ఆ నిమిషంలోనే కాకులు గుడ్లెత్తుకుపోతాయి, పిల్లలేమో తిన్న చేపల్ని కక్కేస్తాయి. ఈ పక్షులు ఇన్నేళ్లుగా ఇక్కడ నిలిచాయంటే ఊరివాళ్లు కొట్టనివ్వకపోవడం పెద్ద కారణం. నీళ్లు, టిఫిను మీరే తెచ్చుకోండి, కవర్లు మళ్లీ మీ బండిలోకే వెళ్లాలి. ఐదేళ్లలోపు పిల్లలుంటే అరగంటకు మించి ప్లాన్ చేయకండి. ఆస్తమా ఉన్నవాళ్లు గట్టుకు దూరంగా ఉండటమే మంచిది.