హాంబర్గ్ నుంచి నార్డ్‌కాప్ దాకా: మూడు ట్రిప్పులు నడిపిన మా ప్లాన్ షీట్

మేం ఉండేది హాంబర్గ్‌లో. 2022, 2023, 2024 వేసవుల్లో మూడుసార్లు సొంత కారులో ఉత్తరానికి వెళ్లొచ్చాం. రెండుసార్లు డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ మీదుగా నార్వే పైకొసన ఉన్న నార్డ్‌కాప్ దాకా, మధ్యలో ఒకసారి నార్వే పడమటి తీరం. మూడింటికీ వాడింది ఒకే ఎక్సెల్ షీట్, దానికి తోడు ఒక పెద్ద కాగితం రోడ్ మ్యాప్. ఎవరు ప్లాన్ అడిగినా ఈ షీటే పంపిస్తున్నాను, పంపిన ప్రతిసారీ ఫోన్‌లో గంటసేపు వివరించాల్సి వస్తోంది, అందుకే ఏది పనికొచ్చిందో ఏది రాలేదో మొత్తం ఇక్కడ రాసేస్తున్నా.

మొదటి ఏడాది షీట్ చాలా అందంగా ఉండేది, దారిలో మాత్రం మూడో రోజుకే చేతులెత్తేసింది. కారణం ఒక్కటే, నేను దాన్ని కిలోమీటర్లతో నింపాను. హాంబర్గ్ నుంచి నార్డ్‌కాప్ మేం వెళ్లిన దారిలో దాదాపు 2,800 కిలోమీటర్లు, రోజుకి 560 చొప్పున ఐదు రోజులు అని భాగించేశాను. స్వీడన్‌లో మాల్మో నుంచి స్టాక్‌హోమ్ 600 కిలోమీటర్ల పైచిలుకు, మంచి రోడ్డు, ఆరేడు గంటల్లో అయిపోతుంది. నార్వేలో ఓస్లో నుంచి బెర్గెన్ 500 కూడా ఉండదు, కానీ దానికీ ఏడు గంటలు పైనే పడుతుంది, ఎందుకంటే అక్కడ కొండలు, వంపులు, ఊళ్లు, చాలాచోట్ల 80 దాటకూడదన్న వేగ పరిమితి. అందుకే రెండో ఏడాది కిలోమీటర్ల కాలమ్ మొత్తం తీసేసి గంటలు పెట్టాను. ఫోన్‌లో మ్యాప్ చెప్పిన టైమ్‌కి స్వీడన్, ఫిన్లాండ్‌లలో మూడో వంతు, పడమటి నార్వేలో అయితే సగం కలుపుకుంటాను. అలా కలిపాక రోజుకి ఆరు గంటలు దాటితే ఆ రోజుని రెండుగా విరిచేస్తాను. ఈ ఒక్క మార్పుతో ట్రిప్ మొత్తం మారిపోయింది, నిజంగా చెప్తున్నా.

రెండోది, నాలుగు రోజులకొక ఖాళీ వరస. ఆ రోజు కారు కదలదు, అంతే. బట్టలు ఉతుక్కోవడం, పాపని సరస్సు ఒడ్డున ఆడించడం, మధ్యాహ్నం నిద్ర. 2022లో ఈ వరస లేక, జూన్ 24న స్వీడన్‌లో ఈ4 హైవే మీద ఉండిపోయాం. ఆ రోజు వాళ్లకి మిడ్‌సమ్మర్ పండగ, మన సంక్రాంతిలాగా అందరూ పల్లెలకి వెళ్లిపోతారు. మేం ఆగిన చిన్న ఊళ్లో షాపులన్నీ మూసేసి ఉన్నాయి, కారులో ఉన్న మరమరాలు, అరటిపళ్లతోనే రాత్రి గడిపాం. అప్పటి నుంచి షీట్‌లో ఏ దేశంలో ఏ రోజు సెలవో ముందే ఎర్ర రంగు వేసేస్తాను. నార్వేలో ఆదివారం పెద్ద సూపర్ మార్కెట్లు మామూలుగా మూసే ఉంటాయి, కాబట్టి శనివారం గడిలో "సరుకులు" అని రాసి ఉంటుంది.

గంటల తేడా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్వీడన్‌లో హాపరాండా, ఫిన్లాండ్‌లో టోర్నియో పక్కపక్క ఊళ్లే, నది దాటితే అవతలి దేశం. దాటగానే గడియారం ఒక గంట ముందుకి జరుగుతుంది. అవతల మేం బుక్ చేసుకున్న క్యాబిన్ రిసెప్షన్ తొమ్మిదింటిదాకా ఉంటుందని రాసుకుని, ఎనిమిది నలభైకి చేరాం కదా అని నిమ్మళంగా దిగాం. అక్కడ అప్పటికి తొమ్మిది నలభై. తలుపుకి తాళం. ఆ రాత్రి నేనూ మా ఆవిడా సీట్లు వెనక్కి వాల్చి కారులోనే పడుకున్నాం, పాప వెనక సీట్లో. ఇప్పుడు షీట్‌లో ప్రతి టైమ్ పక్కనా ఏ దేశపు టైమో రాసి ఉంటుంది. ఫిన్లాండ్ నుంచి నార్వేలోకి దిగితే మళ్లీ గంట వెనక్కి వస్తుంది, అది కూడా.

చీకటి పడకపోవడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, దాని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. జూన్ నెలాఖరులో ఉత్తర ఫిన్లాండ్‌లోని రోవానియెమి దాటాక సూర్యుడు అస్తమించడు. రాత్రి పదకొండు అయినా సాయంత్రం నాలుగులాగే ఉంటుంది, ఇంకో గంట నడిపేద్దాం అనిపిస్తుంది, ఒంటికి అలసట తెలియదు, కళ్లకి తెలుస్తుంది. ఒకసారి అలా నడుపుతుంటే రోడ్డు పక్క తెల్ల గీత రెండుగా కనిపించింది, వెంటనే పక్కకి ఆపేశాను, చేతులు వణికాయి. అందుకే మా షీట్‌లో సాయంత్రం ఏడు తర్వాత డ్రైవింగ్ గడులే లేవు. అదీగాక అక్కడ రెయిన్‌డీర్లు రోడ్డు మీదే నిలబడతాయి, వేసవిలో దోమలూ ఈగలూ భరించలేక గాలి తగిలే రోడ్డెక్కుతాయి. ఫిన్లాండ్‌లోనే ఇనారి ఊరు దాటాక ఒక గుంపు వెనక ఎంతసేపు ఆగామో, హారన్ కొట్టినా ఒక్కటీ కదల్లేదు. అలాంటివాటికోసమే ఆరు గంటల లెక్కలో ఒక గంట వదులుగా ఉండాలి.

2024లో రాజమండ్రి నుంచి అమ్మా నాన్నగారూ వచ్చారు, వాళ్లని తీసుకునే రెండోసారి నార్డ్‌కాప్ వెళ్లాం. మొదటి రోజు నుంచే అమ్మ అడుగుతూ ఉంది, "ఒరేయ్ అబ్బాయ్, పొద్దు గూకదేంట్రా, నేను దీపం ఎప్పుడు పెట్టుకోను?" అని. చివరికి ఆవిడే దారి చూసుకుంది. చేతి వాచీలో మన ఊరి టైమే ఉంచుకుంది, అందులో ఆరయితే సాయంత్రం. ఫిన్లాండ్‌లో అది మధ్యాహ్నం మూడున్నర. రోజూ ఆ టైమ్‌కి ఎక్కడున్నా కారు ఆపి, ఆవిడ దిగి అడవివైపు తిరిగి దండం పెట్టుకునేది, మేం టీ తాగేవాళ్లం. తర్వాత షీట్‌లో మూడున్నరకి ఒక గడి కలిపాను, ఆ గడి ఇప్పటికీ తీయలేదు. పెద్దవాళ్లతో వెళ్తే నడుము నొప్పి లేకుండా సాగడానికి ఆ ఆగడమే ఎక్కువ సాయపడింది.

నాన్నగారికి సొరంగాలంటే కంగారు. నార్డ్‌కాప్ ఉన్న దీవికి వెళ్లాలంటే సముద్రం కింద దాదాపు 7 కిలోమీటర్ల సొరంగం, 212 మీటర్ల లోతుకి దిగి మళ్లీ ఎక్కుతుంది. ముందు రోజు రాత్రే కాగితం మ్యాప్ పరిచి వేలితో చూపించి, ఇన్ని నిమిషాలు పడుతుందని చెప్పాను, అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. ఫోన్ తెరమీద ఇది సాధ్యం కాదు, కాగితం మ్యాప్ మోసుకెళ్లడానికి నాకు ఇదొక్కటే చాలు. ఆయనకి చెప్పే ధైర్యం నాకు ముందటేడే వచ్చింది, బెర్గెన్‌కి వెళ్తూ లార్‌డాల్ సొరంగంలో నడిపాను కదా, 24.5 కిలోమీటర్లు, లోపల మూడు చోట్ల గుహలా వెడల్పు చేసి నీలి దీపాలు పెట్టారు, నడిపేవాడికి కునుకు పట్టకుండా.

ఖర్చుల కాలమ్ మాత్రం ఇప్పటికీ సరిగ్గా కుదరలేదు. డెన్మార్క్, స్వీడన్, నార్వేల్లో మూడు రకాల క్రోన్లు, ఫిన్లాండ్‌లో యూరో. డెన్మార్క్ నుంచి స్వీడన్‌కి దాటించే ఓరెసుండ్ వంతెనకి టోల్ అక్కడికక్కడే కడతాం. నార్వేలో టోల్ గేట్లే ఉండవు, కెమెరా నంబర్ ప్లేట్ ఫోటో తీస్తుంది, బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది. బయల్దేరేముందే కారు నంబర్ రిజిస్టర్ చేసుకుంటే మంచిది. జర్మనీలో పుట్‌గార్డెన్ నుంచి డెన్మార్క్‌లో రోడ్బీకి ఫెర్రీ 45 నిమిషాలే, కానీ జూలైలో ముందుగా బుక్ చేయకపోతే రేటు బాగా ఎక్కువ. ఫోన్‌లో ఈ షీట్ ఎడిట్ చేయడం కూడా చిరాకే, గడులు చిన్నవి, దారిలో మా ఆవిడ పెన్నుతో నోట్‌బుక్‌లో రాసి రాత్రి ఎక్కిస్తుంది.

తిండి విషయం: క్యాబిన్లలో చాలావాటిలో స్టవ్, గిన్నెలు ఉంటాయి, దుప్పట్లు మనమే తీసుకెళ్లాలి, లేదంటే అద్దె కట్టాలి. మేం బియ్యం, కందిపొడి, గోంగూర, చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్తాం. బంగాళాదుంపలు నార్వేలోకి తేనివ్వరు, బోర్డర్‌కి ముందే కూర వండేయండి.

చిన్న పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి ఈ పద్ధతి గట్టిగా సిఫారసు చేస్తాను. ఒక్కళ్లే వెళ్లేవాళ్లకి, టెంట్ వేసుకునేవాళ్లకి ఇంత షీట్ అక్కర్లేదు. నార్వేలో ఇళ్లకి 150 మీటర్ల దూరంలో, పొలం కాని చోట టెంట్ వేసుకోవచ్చు, వాళ్ల ప్లానే వేరు. వచ్చేసారి తిరుగు దారి హెల్సింకీ నుంచి టాలిన్‌కి ఫెర్రీలో దాటి, ఈ67 హైవే మీద లాత్వియా, లిథువేనియా, పోలాండ్ మీదుగా వేస్తున్నాను. ఆ వరసల్లో ఇప్పటికి గంటలు మాత్రమే నింపాను, ఊళ్ల పేర్లు ఇంకా రాయలేదు.