స్లీపా, హైబర్నేటా, షట్‌డౌనా? రాత్రికి రాత్రే ఛార్జింగ్ దిగిపోతుంటే ఏది మేలు?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఈ వైపు పాఠకులు అడిగేది దాదాపు ఒకటే. "రాత్రి ఫుల్ ఛార్జింగ్ పెట్టి హైబర్నేట్ చేశానండి, పొద్దున్నకి సగమే ఉంది. బ్యాటరీ పోయినట్టేనా? స్లీప్‌లో పెట్టడం నయమా, పూర్తిగా ఆపేయాలా?" అడిగేవాళ్లలో ఎక్కువమంది విశాఖలోనో విజయనగరంలోనో చదువుకుంటూ సెలవులకి ఇంటికొచ్చే పిల్లలు. సాలూరు ఘాట్ మీదుగా బస్సులో వస్తే దారిలో ప్లగ్ దొరకదు. ఇంటికి చేరాక గాలివాన పట్టుకుంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే మూత వేసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్‌ని బయటికి తీసేసరికి ఎంత ఛార్జింగ్ మిగిలిందన్నదే నాకు అసలు లెక్క. ఎంత త్వరగా ఆన్ అయిందన్నది ఆ తర్వాతి మాట.

ఆ లెక్కన స్లీప్‌కి నేను ఓటు వెయ్యను. పాత ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అంటే ర్యామ్‌ని (తెరిచిన పనులన్నీ ఉండే తాత్కాలిక మెమరీ) నిలబెట్టడానికి కొద్దిపాటి కరెంటు, అంతే. ఇప్పుడొచ్చే వాటిలో చాలావరకు మోడ్రన్ స్టాండ్‌బై ఉంటోంది. తెర ఆరిపోయినా లోపల ప్రాసెసర్ మధ్యమధ్యలో లేచి మెయిళ్లు, అప్‌డేట్లు చూసుకుంటుంది. ఏ డ్రైవరో మొరాయించి దాన్ని పడుకోనివ్వకపోతే, సంచిలోంచి తీసేసరికి మెషీన్ అడుగు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. మీది ఏ రకమో చూడాలంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌కి స్లాష్ ఏ తగిలించి (powercfg /a) కొట్టండి. అందుబాటులో ఉన్నవాటి జాబితాలో 'స్టాండ్‌బై ఎస్0' కనిపిస్తే మీది ఈ కొత్త రకమే. భోజనానికి లేచే కాసేపటికైతే స్లీప్ చాలు, రాత్రంతా ఉంచడానికి మాత్రం వద్దు.

హైబర్నేట్ పని వేరు. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసేసి మెషీన్ ఆగిపోతుంది. తెరిచిన ఫైళ్లు, బ్రౌజర్ ట్యాబ్‌లు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. కరెంటు గ్యారంటీ లేని ఊళ్లలో ఇంతకంటే ఏం కావాలి! డిస్క్ అరిగిపోతుందని కొందరు భయపడతారు కానీ, ఇప్పటి ఎస్‌ఎస్‌డీలకి రోజుకి నాలుగైదు జీబీలు రాయడం పెద్ద భారమేమీ కాదు.

ఆగిపోయిన మెషీన్ ఛార్జింగ్ తినకూడదు. తెల్లారేసరికి ఒకటి రెండు శాతం తగ్గితే వదిలెయ్యండి. అంతకు మించి దిగుతోందంటే హైబర్నేట్‌ని తిట్టుకోకుండా ఒక పరీక్ష చెయ్యండి. ఒక రాత్రి హైబర్నేట్ చేసి, పొద్దున్న శాతం రాసుకోండి. మర్నాడు రాత్రి పూర్తి షట్‌డౌన్ చేసి చూడండి. మామూలుగా షట్‌డౌన్ నొక్కితే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ తన కెర్నెల్‌ని, అంటే మూలభాగాన్ని, హైబర్నేట్ చేసి ఊరుకుంటుంది. షిఫ్ట్ బటన్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితేనే అది పూర్తిగా ఆగడం.

హైబర్నేట్‌లోనే దిగి, షట్‌డౌన్‌లో దిగకపోతే మెషీన్‌ని ఏదో లేపుతున్నట్టే. లేకపోతే మీరు మూత వేసినప్పుడు అది హైబర్నేట్‌లోకి కాక స్లీప్‌లోకి వెళ్తోంది. ఇది చాలామంది విషయంలో చూశాను. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, మూత వేస్తే ఏం చెయ్యాలి అన్నచోట హైబర్నేట్ ఎంచుకోండి. అది జాబితాలో లేకపోతే పవర్‌సీఎఫ్‌జీకి స్లాష్ హైబర్నేట్ ఆన్ అని చేర్చి (powercfg /hibernate on), అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టండి. తర్వాత అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో మెషీన్‌ని దానంతట అదే లేపే వేక్ టైమర్లు డిజేబుల్ చెయ్యండి. చివరిసారి ఏది లేపిందో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ లాస్ట్‌వేక్ (powercfg /lastwake) చెబుతుంది.

రెండు రాత్రులూ ఒకేలా దిగితే తప్పు విండోస్‌ది కాదు. వైరున్న మౌస్ ఒకటి గుచ్చి, మెషీన్ ఆగాక దాన్ని తిరగేసి చూడండి. అడుగున ఎర్రలైటు వెలుగుతూనే ఉంటే ఆ పోర్టుకి కరెంటు పోతోంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందే తెరుచుకునే మెషీన్ సెట్టింగ్స్) డెల్‌కి యూఎస్‌బీ పవర్‌షేర్ అనీ, లెనోవోకి ఆల్వేస్ ఆన్ యూఎస్‌బీ అనీ ఉంటుంది, అది ఆపండి. నెట్‌వర్క్ నుంచి మెషీన్‌ని లేపే వేక్ ఆన్ ల్యాన్ ఉంటే అదీ ఆపండి. వైర్‌లెస్ మౌస్ రిసీవర్‌ని పోర్టులో వదిలేసే అలవాటు ఉంటే, రాత్రి పూట తీసి పెట్టుకోండి.

షట్‌డౌన్‌తో తంటా లేదు, కాకపోతే పొద్దున్నే అన్నీ మళ్లీ తెరుచుకోవాలి. వారం పది రోజులు ముట్టుకోమనుకుంటే అదే చెయ్యండి. మ్యాక్‌బుక్ వాళ్లకి ఈ గొడవ తక్కువ, కొంతసేపటికి అదే లోతైన నిద్రలోకి జారుకుంటుంది. లినక్స్‌లో హైబర్నేట్ కావాలంటే ముందు సరిపడా స్వాప్, అంటే ర్యామ్‌లోది రాసిపెట్టడానికి డిస్క్‌లో కేటాయించిన చోటు, ఉండాలి.

మొత్తానికి నా ఓటు హైబర్నేట్‌కే. పైవన్నీ చేసినా దిగుతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. పవర్‌సీఎఫ్‌జీకి స్లాష్ బ్యాటరీరిపోర్ట్ చేర్చి (powercfg /batteryreport) కొడితే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ 41,000 ఉండి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 20,000కి పడిపోయి ఉంటే బ్యాటరీ సగం అయిపోయినట్టే. బరంపురమో విశాఖో సర్వీస్ సెంటర్‌కి బయల్దేరేముందు ఆ ఫైల్ ఫోన్‌లో వేసుకుని వెళ్లండి. ఆ రెండు అంకెలూ కౌంటర్‌లో చూపించి, కొత్త బ్యాటరీ వేశాక మళ్లీ అదే రిపోర్ట్ తీయించుకోండి.