‘నైస్’ పుట్టుక వెతకాలంటే ఏ నిఘంటువు మేలు?

ఇంగ్లిష్ ‘నైస్’ మూలం లాటిన్ ‘నెస్కియుస్’. ‘నె’ అంటే లేదు, ‘స్కీరె’ అంటే తెలియడం. కలిపితే ఏమీ తెలియనివాడు. (‘సైన్స్’ కూడా ఈ స్కీరె సంతానమే.) పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు దానికి తెలివితక్కువ అనే అర్థం. తర్వాత వంకలు పెట్టే స్వభావం, సున్నితం, నిక్కచ్చితనం దాటుకుంటూ 18వ శతాబ్దానికి ‘ఇంపైన’ దగ్గరికి చేరింది. సూక్ష్మమైన తేడాని నేటికీ ‘నైస్ డిస్టింక్షన్’ అంటున్నారంటే, అది ఆ నిక్కచ్చితనం మిగిల్చిన జాడ.

ఈ దారంతా కనబడాలంటే విద్యార్థుల నిఘంటువు పనికిరాదు. అందులో వాడుక ఎక్కువున్న అర్థం ముందుంటుంది, చరిత్ర దాదాపు ఉండదు.

తొందరగా తేలాలంటే డగ్లస్ హార్పర్ రూపొందించిన ఎటిమాన్‌లైన్ అనే వెబ్‌సైట్ మేలు. ఉచితం, ఒక్క పేరాలో కథ అంతా ఉంటుంది. చిక్కల్లా, ఏ అర్థం ఏ శతాబ్దంలో వచ్చిందో చెబుతుంది గానీ ఆ లెక్కకి ఆధారమైన పాత వాక్యాన్ని సాధారణంగా చూపదు. నమ్మడమే తప్ప సరిచూసుకునే వీలు తక్కువ.

ఆ లోటు తీర్చేది ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ. 1884 నుంచి 1928 దాకా విడతలుగా వెలువడిన మొదటి కూర్పు నుంచీ పద్ధతి ఒక్కటే: ప్రతి అర్థం కింద ఏళ్లవారీగా అసలు వాక్యాలు. ‘తెలివితక్కువ’ ఎక్కడ ఆగి ‘నిక్కచ్చి’ ఎక్కడ మొదలైందో వాక్యాలు చదివి మీరే తేల్చుకోవచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు: మొదటి వాక్యం తేదీని మాట పుట్టిన తేదీ అనుకుంటారు. అది ఇంతవరకు దొరికిన పాత ఆధారం మాత్రమే, రేపు ఇంకా పాతది దొరకవచ్చు. ఆ మాట కింద ఇచ్చిన వివరాన్ని చివరిసారి ఎప్పుడు సవరించారో కూడా చూడండి. సవరణకి నోచుకోని వాటిలో వందేళ్ల నాటి వ్యుత్పత్తే (మాట పుట్టుక వివరణే) ఉండవచ్చు. పూర్తిగా చూడాలంటే చందా కట్టాలి. అయితే చాలా గ్రంథాలయాలు సభ్యులకి ఉచితంగా ఇస్తాయి.

ఆన్‌లైన్ నిఘంటువు విక్షనరీ బలం జ్ఞాతి పదాల్లో, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటల్లో ఉంది. ‘బ్యాంక్’ వెతికితే నది ఒడ్డు, డబ్బు దాచే చోటు వేర్వేరు వ్యుత్పత్తుల కింద కనిపిస్తాయి: ఒడ్డు నార్స్ (పాత స్కాండినేవియా భాష) వైపు నుంచి, డబ్బుది ఇటాలియన్ ‘బల్ల’ నుంచి. ఇంకా వెనక్కి వెళితే రెండూ ఒకే జర్మానిక్ (ఇంగ్లిష్, నార్స్ చెందిన భాషాకుటుంబం) మూలానికి చేరతాయి. ఆ మూలరూపం ముందు నక్షత్రం గుర్తు ఉంటే అది రాతలో దొరికింది కాదు, పండితులు పునర్నిర్మించింది. ఎవరైనా దిద్దగలిగే నిఘంటువు కాబట్టి, ఆధారం చూపని వ్యుత్పత్తిని ఆక్స్‌ఫర్డ్‌తో పోల్చకుండా తీసుకోవద్దు.