జాగ్రత్త: విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో అమ్ముతున్న "రసాయనాలు లేని ఇల్లు" నెల కిట్లు కొనేముందు ఇది చదవండి

పటమట, సత్యనారాయణపురం, బ్రాడీపేట, లక్ష్మీపురం వైపు అపార్ట్‌మెంట్ల కింద ఆదివారం పూట స్టాల్ పెట్టి, మూడు నెలల డబ్బు ముందే కట్టించుకుని అమ్ముతున్న ప్రకృతి జీవనం కిట్ గురించి ఈ హెచ్చరిక. అందులో గానుగ నూనెలు, "పచ్చి" జీడిపప్పు, మైక్రోగ్రీన్స్ (లేత మొలక ఆకుకూరల) విత్తనాలు, సొరకాయ రసం, బి12 పొడి, కుంకుడు లిక్విడ్, నేల తుడిచే బయోఎంజైమ్, దోమల బత్తీలు ఉంటాయి. అమ్మినవారి పేరు రాయడం లేదు. ల్యాబ్ రిపోర్టు చేతికి రాకుండా పేరు బయటపెట్టడం న్యాయం కాదు, పైగా ఇలాంటి కిట్లు అమ్మేది ఒక్కరే కాదు. వస్తువును ఎలా పట్టుకోవాలో తెలిస్తే ఏ పేరుతో వచ్చినా పట్టుకోవచ్చు.

ముందు ప్రాణం మీదికి తెచ్చే సంగతి. కిట్‌తో ఇచ్చిన కరపత్రంలో బాత్‌రూమ్ పాకుడు వదలాలంటే బ్లీచింగ్ పౌడర్ చల్లి దాని మీద బయోఎంజైమ్ పొయ్యమని ఉంది. ఎట్టి పరిస్థితిలోనూ అలా చేయకండి. బయోఎంజైమ్ అంటే పులిసిన పుల్లటి నీళ్లు, ఆమ్లం. ఆమ్లం బ్లీచింగ్‌కు తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు వేసిన చిన్న బాత్‌రూమ్‌లో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. వెనిగర్, నిమ్మరసం, బాత్‌రూమ్ యాసిడ్ ఏది కలిపినా ఇదే జరుగుతుంది. ఇప్పటికే కలిపి ఘాటు వాసన వస్తుంటే ఏమీ తుడవకుండా బయటికి వచ్చేయండి, బయటి నుంచి తీయగలిగితే కిటికీలు తీయండి. దగ్గు తగ్గకపోయినా ఆయాసం వచ్చినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అదే బయోఎంజైమ్‌తో రెండో నష్టం నేలకు. మన పాత ఇళ్లలో ఎక్కువగా ఉండేవి కడప బండలు, తాండూరు బండలు. రెండూ సున్నపురాయే. నీళ్లు కలపకుండా పోసి తుడిస్తే ఆమ్లం రాయిని తినేసి మెరుపు పోతుంది, తెల్ల మరకలు పడతాయి. పాలిష్ పట్టిస్తే తప్ప అవి పోవు. పాలరాయికీ ఇదే గతి. గ్రానైట్, టైల్స్ మీద ఫర్వాలేదు, అది కూడా బకెట్ నీళ్లకు 30 నుంచి 50 మిల్లీలీటర్లే.

కిట్‌లో వచ్చిన సీసాలు ఉబ్బి ఉండటానికీ కారణం ఉంది. పద్ధతిగా చేస్తే 100 గ్రాముల బెల్లం, 300 గ్రాముల నిమ్మ, బత్తాయి తొక్కలు, లీటరు నీళ్లు కలిపి 90 రోజులు ఉంచాలి. మొదటి నెల రోజూ మూత తిప్పి గాలి వదలాలి. పులియడం ఆగకముందే సీసాలో నింపి బిగించి అమ్మితే లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది. గాజు సీసా అయితే పగిలి పెంకులు ఎగురుతాయి. ఉబ్బిన సీసాను గుడ్డ కప్పి, మొహానికి దూరంగా పట్టుకుని, మూత కొంచెం కొంచెం వదులు చేయండి. వాసన కూడా చెప్పేస్తుంది: మాగిన బయోఎంజైమ్ వెనిగర్‌లా పుల్లగా ఉంటుంది. మూత తీయగానే మిఠాయి నిమ్మ వాసన గుప్పున వస్తే ఎసెన్స్ కలిపారన్నమాట. ఇంకొకటి, ఇది మురికిని వదిలిస్తుందే కానీ క్రిములను చంపే మందు కాదు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు దీన్ని నమ్ముకోవద్దు.

కుంకుడు లిక్విడ్ సంగతి. లేబుల్ మీద "కుంకుడుకాయ, నీళ్లు, అంతే" అని, పక్కనే 12 నెలల గడువు అని రాసి ఉంది. ఈ రెండూ ఒకే సీసా మీద ఉండటం కుదరదు. కుంకుడు రసం మన ఎండల్లో బయట పెడితే మూడు నాలుగు రోజుల్లో పులిసి కంపు కొడుతుంది. ఏడాది నిలవ ఉందంటే పాడవకుండా ఆపే మందు ఏదో పడింది. మందు వేయడం తప్పు కాదు, దాచడం తప్పు. అసలు రసం గోధుమ రంగులో, మడ్డిగా, నీళ్లలా పలచగా ఉంటుంది, కదపకుండా ఉంచితే అడుగున తేరుకుంటుంది. కిట్‌లో వచ్చింది తేనెలా చిక్కగా, అద్దంలా తేటగా ఉంది. షాంపూల్లో వాడే నురగ రసాయనం ఉప్పుతో చిక్కబడితే అలాగే ఉంటుంది. ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. చిటికెడు పసుపు నీళ్లలో కలిపి, తెల్ల కాగితం మీద పూసి ఆరనివ్వండి. దాని మీద లిక్విడ్ చుక్క వేయండి. కుంకుడు రసం కాస్త ఆమ్ల గుణం కలది కాబట్టి పసుపు పసుపుగానే ఉండాలి. పారాణిలా ఎర్రబడిందంటే అందులో చాకలి సోడానో కాస్టిక్ సోడానో ఉన్నట్టు. ఎర్రబడకపోతే మాత్రం స్వచ్ఛమైనదని అనుకోకండి, నురగ రసాయనం పసుపు రంగు మార్చదు.

నిజానికి ఇది కొనాల్సిన వస్తువే కాదు. పచారీ కొట్లో కుంకుడుకాయలు దొరుకుతాయి. 15 కాయలు కొట్టి గింజ తీసేసి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున 20 నిమిషాలు మరిగించి, చల్లారాక పిసికి వడకడితే ముప్పావు లీటరు వస్తుంది. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించుకోండి. "వంటసోడా, వెనిగర్ కలిపిన క్లీనర్" స్ప్రే కూడా అంతే దండగ: రెండూ కలవగానే బుసబుసమని ఒకదాన్నొకటి చంపుకుంటాయి, సీసాలో మిగిలేది కాస్త లవణం కలిసిన నీళ్లు. విడివిడిగా వాడితేనే వాటికి పని ఉంది. పళ్లు, కూరగాయలు కడగడానికి లీటరు నీళ్లకు 10 గ్రాముల వంటసోడా వేసి 12 నుంచి 15 నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో కడిగితే పైన ఉన్న పురుగుమందులు చాలా వరకు వదులుతాయి. కాయ లోపలికి ఇంకిన మందు ఏ నీళ్లకూ పోదు.

ఇక నూనె. డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే. ముందు లెక్క వేయండి. చెక్క గానుగలో లీటరు వేరుశనగ నూనె రావాలంటే 2.3 నుంచి 2.5 కిలోల గుళ్లు ఆడాలి. నూనె తీయగా మిగిలే పిప్పి, అంటే చెక్క, కిలోన్నరకు కాస్త అటూ ఇటూ. గుళ్లు కిలో 130 రూపాయలు, చెక్క కిలో 40 అనుకుంటే, 2.4 కిలోల గుళ్లకు 312 పోయి 1.4 కిలోల చెక్కకు 56 వెనక్కి వస్తుంది. అంటే గానుగ కూలీ, కరెంటు, సీసా, అద్దె లేకుండానే 256. అలాంటి నూనె 220కి ఎవరైనా ఇస్తున్నారంటే అది గుళ్ల నూనె ఒక్కటే అయ్యే వీలు లేదు. ఆ రోజు మార్కెట్ ధరతో ఈ లెక్క మీరే వేసుకోండి. ధర ఎక్కువైనంత మాత్రాన అసలుదని కాదు, ధర మరీ తక్కువైతే మాత్రం అనుమానించాల్సిందే. తూకం కూడా చూడండి. లీటరు వేరుశనగ నూనె దాదాపు 910 గ్రాములు తూగాలి. కిట్ సీసాలు అంత తూగలేదు.

స్టాల్ ముందు గానుగ తిరుగుతుంటే సగం నమ్మకం వచ్చేస్తుంది. గంటకు ఆ గానుగలో ఎన్ని గుళ్లు ఆడుతున్నారో, అక్కడ ఎన్ని సీసాలు పేర్చి ఉన్నాయో పోల్చి చూడండి. వెనక డబ్బాల్లోంచి నింపుతున్న నూనెకు వేరుశనగ వాసన ఉండదు. మన ప్రాంతంలో పత్తి గింజల నూనె సులువుగా దొరుకుతుంది, పామోలిన్ ఇంకా చవక. కలిపేది ఎక్కువగా ఇవే.

ఫ్రిజ్‌లో పెడితే కల్తీ తెలుస్తుందని ఫోన్లలో తిరిగే వీడియోను నమ్మకండి. చలికి అసలైన వేరుశనగ నూనె కూడా మబ్బు కట్టి చిక్కబడుతుంది. ఆ పరీక్ష కొబ్బరి నూనెకు పనికొస్తుంది: గాజు గ్లాసులో పోసి ఫ్రిజ్‌లో పెడితే కొబ్బరి నూనె మొత్తం గడ్డ కట్టాలి, పైన పేరుకోని పొర మిగిలితే అది వేరే నూనె. వేరుశనగకు ల్యాబే దిక్కు. అక్కడ కూడా ఒక మోసం జరుగుతుంది. అమ్మేవాళ్లు చూపించే రిపోర్టులో అయొడిన్ విలువ (ఏ రకం నూనెో గుర్తించడానికి వాడే ఒక అంకె) ఒక్కటే ఉంటుంది. వేరుశనగకు అది 85 నుంచి 99 మధ్య ఉండాలి. పామోలిన్‌ది 54 నుంచి 62, సోయాది 120 నుంచి 141. రెండూ తగుపాళ్లలో కలిపితే ఒక్క గుళ్లు కూడా లేకుండా 90 వస్తుంది! అందుకే బెల్లియర్ పరీక్ష (నూనె ద్రావణం ఏ వేడి దగ్గర మబ్బు కడుతుందో చూసేది, వేరుశనగకు 39 నుంచి 41 డిగ్రీలు), ఫ్యాటీ యాసిడ్ల వివరం రెండూ అడగండి. వేరుశనగలో ఉండే అరాకిడిక్, బెహినిక్, లిగ్నోసెరిక్ ఆమ్లాలు ఆ పాళ్లలో పామోలిన్‌లో ఉండవు. రిపోర్టు మీద ఉన్న బ్యాచ్ నంబరు, మీ సీసా మీది నంబరు ఒకటేనా చూడండి. పాత రిపోర్టు ఒకటి లామినేషన్ చేయించి ఏడాది పొడుగునా చూపించేవాళ్లున్నారు.

మైక్రోగ్రీన్స్ పొట్లాలు ఇంకా ప్రమాదం. గింజలు గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూతతో ఉన్నాయి. పొలంలో నాటడానికి శిలీంధ్రాల మందు పట్టించిన విత్తనానికి, తినే గింజ కాదని తెలియడానికే ఆ రంగు వేస్తారు. అసలు కంపెనీ సంచి మీద తినడానికి, పశువుల మేతకు, నూనెకు వాడవద్దని హెచ్చరిక ఉంటుంది. పెద్ద సంచి విప్పి చిన్న గోధుమరంగు కవర్లలో పోస్తే ఆ హెచ్చరిక మాయమైపోతుంది. తడిపిన తెల్ల టిష్యూ కాగితం మీద గింజలు పది నిమిషాలు ఉంచండి, రంగు దిగితే పక్కన పెట్టేయండి. కడిగి వాడదామనుకోవద్దు. తినడానికి అమ్మే పెసలు, మెంతులు, ఆవాలు, ధనియాలు చక్కగా మొలుస్తాయి, వాటికి కిట్ ఎందుకు?

కృష్ణా కరకట్ట మీద ప్రకృతి వైద్యం చెప్పే మంతెన సత్యనారాయణరాజు గారి ఆశ్రమం ఉన్న ఊరివాళ్లం, మనకు మొలకలు కొత్త కాదు. కానీ 40 డిగ్రీల ఎండలో మూటగట్టిన మొలకల్లో విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి కూడా అంతే జోరుగా పెరుగుతుంది. పూటకు రెండుసార్లు కడగండి, మొలక రాగానే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా తినేయండి. చిన్నపిల్లలకు, గర్భిణులకు, పెద్దవాళ్లకు ఆవిరి మీద ఉడికించే పెట్టండి. కిట్ మెనూలో మొలకెత్తిన రాజ్మా సలాడ్ రాశారు, అది చదివి భయం వేసింది. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ కొద్ది గింజలకే వాంతులు చేయిస్తుంది. రాజ్మాను నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, తెర్లే నీళ్లలో అరగంట ఉడికించాలి.

"పచ్చి" జీడిపప్పు అని రెట్టింపు ధర. జీడిగింజ పెంకులో చర్మాన్ని కాల్చే జీడినూనె ఉంటుంది కాబట్టి వేటపాలెం అయినా పలాస అయినా గింజను ఆవిరి పట్టించో వేయించో కొడతారు, తర్వాత పొట్టు ఊడటానికి బోర్మాలో (వేడి గాలి పట్టించే గదిలో) ఆరబెడతారు. వేడి తగలని జీడిపప్పు బజారులో దొరకదు. మామూలు ధరకే కొనుక్కోండి.

సీసాలో వచ్చే సొరకాయ, ఉసిరి రసం తాగకండి. సొరకాయ ఒక్కోసారి చేదుగా కాస్తుంది, ఆ చేదే కుకుర్బిటాసిన్ అనే విషం. చేదుగా ఉన్న సొరకాయ రసం తాగవద్దనీ, వేరే రసాల్లో కలపవద్దనీ ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ 2011లోనే చెప్పింది. ఉసిరి వగరులో ఆ చేదు తెలియదు. ఇంట్లో చేసుకుంటే ప్రతి కాయ ముక్క నాలుక మీద పెట్టి చూడండి. తాగాక వాంతులు, కడుపునొప్పి మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇక బి12 పొడి. స్పిరులినా అనే నాచు పొడితో బి12 విటమిన్ వస్తుందన్నది అబద్ధం. అందులో ఉండేది మన ఒంటికి పనికిరాని నకలు రూపం. పాలు, పెరుగు కూడా మానేసి పచ్చి ఆహారమే తినే ఇంట్లో బి12 మాత్ర తప్పనిసరి, ముఖ్యంగా పాలిచ్చే తల్లికి. కిట్ చార్టులో ఆరు నెలల బిడ్డకు తేనె కలిపిన పచ్చి రసాలు రాశారు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు, బొటులిజం అనే ప్రాణాంతక విషబాధ వచ్చే ప్రమాదం ఉంది. ఆ చార్టు చించి పారేయండి.

దోమల బత్తీల గురించి కాలవల పక్కన కాపురముండే విజయవాడ వాళ్లకు గట్టిగా చెప్పాలి. "వేప, తులసి మాత్రమే" అని రాసిన బత్తీ వెలిగించిన పది నిమిషాల్లో దోమలు టపటపా రాలితే సంతోషపడకండి. వేప పొగ దోమను తోలుతుందేమో కానీ అలా చంపదు. ఇలాంటి బత్తీల్లో అనుమతి లేని మెపర్‌ఫ్లుత్రిన్ అనే పురుగుమందు దేశంలో చాలాచోట్ల దొరికింది. దోమల మందు ఏదైనా కేంద్ర పురుగుమందుల బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. డబ్బా మీద ఆ రిజిస్ట్రేషన్ నంబరు (సీఐఆర్), విష తీవ్రత తెలిపే రంగు గుర్తు ఉండాలి. కిట్ బత్తీల మీద ఈ రెండూ లేవు. కిటికీలకు మెష్, మంచానికి దోమతెర మేలు.

లేబుల్ చూసే పద్ధతి కూడా చెప్పాలి. కిట్‌లో నేల తుడిచే సీసాతో సహా అన్నింటి మీదా ఒకే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు ఉంది. ఆ నంబరు తినే వస్తువులకే. 14 అంకెలు ఆ సంస్థ ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో కొట్టి పేరు, చిరునామా, వ్యాపారం రకం చూడండి. చిల్లర అమ్మకానికే అనుమతి ఉంటే నూనె తయారుచేసే హక్కు ఉండదు. "ఆర్గానిక్" అని ప్యాకెట్ మీద వేస్తే ప్రభుత్వ ఆర్గానిక్ ధ్రువీకరణ గుర్తు ఉండాలి. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలతో తన పంట తానే నేరుగా అమ్మే రైతుకు మాత్రం మినహాయింపు ఉంది, కాబట్టి రైతుబజారులో గుర్తు లేదని రైతును అనుమానించవద్దు.

డబ్బు కట్టేసినవాళ్లు సరుకు పారేయకండి. బిల్లు లేకపోతే ఫోన్‌పే, గూగుల్‌పే రసీదు చాలు. సీలు తీయని సీసా ఒకటి అలాగే ఉంచి, లేబుల్ నాలుగు వైపులా ఫోటోలు తీయండి. మిగతా డబ్బు వెనక్కి ఇవ్వమని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, ఫోన్‌లో మాట్లాడి వదిలేయవద్దు. కదలిక లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తర్వాత ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ఆహారం కల్తీ అనుకుంటే 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ కింద కొన్నవారే ఫీజు కట్టి ప్రభుత్వ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. ప్రమాణాలకు తగ్గట్టు లేదని తేలితే ఆ ఫీజు వెనక్కి వస్తుంది. ఎంఆర్‌పీ, తయారీ నెల, చిరునామా లేని సీసాల మీద తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు పెట్టండి.

రంగు పూసిన గింజలను పిచ్చుకలకో కోళ్లకో వేయకండి. చేతులకు కవర్ తొడుక్కుని వాటిని పూల కుండీలో లోతుగా పూడ్చేయండి. ఆ కుండీలో మొలిచిన ఆకు కోసుకోవద్దు.