నాలుగడుగుల ట్యాంకుకి ఏ ఆఫ్రికన్ సిక్లిడ్లు మేలు?

ఆఫ్రికన్ సిక్లిడ్లంటే ఆఫ్రికా సరస్సుల నుంచి వచ్చిన, అక్వేరియంలో పెంచుకునే చేపలు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 250 లీటర్లు పడతాయి. ఇలాంటి ట్యాంకు పెట్టుకుని షాపుకి వెళ్తే 'మిక్స్‌డ్ ఆఫ్రికన్' అని ఒకే తొట్టిలో రంగురంగుల చేపపిల్లలు చూపిస్తారు. అవి మాత్రం తీసుకోకండి. వేలెడంత ఉన్నప్పుడు ఏది ఏ జాతో పోల్చుకోవడం కష్టం. వాటిలో ఆరాటస్ అనే కయ్యాలమారి జాతి మగది ఒక్కటి ఉన్నా, పెద్దయ్యాక మిగతావాటికి మూల కూడా మిగల్చదు. ఫ్రంటోసా అనే సిక్లిడ్ అయితే అడుగు పొడవు పెరుగుతుంది, దాని గురించి ఈ సైజు ట్యాంకులో ఆలోచించనే వద్దు.

ఇక మిగిలేవి మూడు దారులు. మలావి సరస్సు రాళ్ల మధ్య బతికే ఎంబూనాలు, అదే సరస్సులో ఇసుక మీద వేటాడే పీకాక్‌లు, టాంగన్యీకా సరస్సులో నత్తగుల్లల్లో కాపురముండే చిట్టి చేపలు.

అందం ఒక్కటే చూస్తే పీకాక్‌లదే పైచేయి. నీలం, ఎరుపు, పసుపు కలిసిన మగచేప లైటు కింద మెరుస్తుంటే చూపు తిప్పుకోలేం. అయితే ఆ రంగంతా మగవాటిదే, ఆడవి బూడిద రంగులో ఉంటాయి. అందుకే చాలామంది అన్నీ మగవే పెడతారు. అలా పెడితే ఒకదానికొకటి పోలిక లేని రంగులు వెతకాలి, ఖర్చూ పెరుగుతుంది. పైగా పీకాక్‌లు మెతక చేపలు. ఎంబూనాలతో కలిపితే బెదిరి రంగు తగ్గిపోతాయి, తిండి దగ్గరా వెనకబడతాయి. తిండీ వేరే: పీకాక్‌లు ఇసుకలోని పురుగులు తినేవి, ఎంబూనాల్లో ఎక్కువ భాగం రాళ్ల మీది నాచు గీక్కుని తినేవి. రోజూ బ్లడ్‌వర్మ్స్ (మేతగా అమ్మే ఎర్ర పురుగులు) వేస్తే నాచు తినే ఎంబూనాలకి పొట్ట ఉబ్బే జబ్బు రావచ్చు. స్పిరులినా అనే నాచు పొడి కలిసిన మేత వాటికి సరిపోతుంది.

నత్తగుల్లల్లో ఉండే చేపల్లో నాకు ఇష్టమైనవి మల్టీలు అనే జాతి. పెద్దయినా రెండంగుళాలు మించవు. ఇసుక తవ్వి గుల్లను సర్దుకుంటాయి, పిల్లల్ని కాపలా కాస్తాయి, అరచెయ్యంత జాగా కోసం పోట్లాడుకుంటాయి. వాటి బుద్ధి చూస్తూ గంటలు గడపొచ్చు. కానీ హాల్లో సోఫాలో కూర్చుని చూసేవాళ్లకి అవి కనపడవు. వాటికి రెండడుగుల ట్యాంకు చాలు, ఇంత పెద్దది అక్కర్లేదు.

నా ఓటు ఎంబూనాలకే, అందులోనూ సాలోసి అనే జాతికి. ఆడవి పసుపు, పైచేయి సాధించిన మగది నల్లచారల నీలం. ఒకే జాతి పెట్టినా రెండు జాతులున్నట్టు కనిపిస్తుంది, సంకరం పుట్టే భయమూ లేదు. సైజు మూడంగుళాల పైచిలుకే. మలావిలోని చిసుములు దీవి దగ్గరున్న ఒక్క రాతిదిబ్బ దీని సొంత ఊరు. అక్వేరియం వ్యాపారం కోసం విపరీతంగా పట్టడంతో అక్కడ ఇది అంతరించే స్థితికి వచ్చింది. కాబట్టి ట్యాంకుల్లో పుట్టిన పిల్లలే కొనండి, వాటిని శుద్ధంగా పెంచండి. పన్నెండు పిల్లలు ఒకేసారి వేసి, పెరిగాక మగవి ఎక్కువైతే కొన్ని తీసేసి, ఒక్కో మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండేలా చూసుకోవాలి.

సాలోసి దొరక్కపోతే పసుపు రంగు ఎంబూనా ఎల్లో ల్యాబ్. ఇది ఎంబూనాల్లో సాధువు, పీకాక్‌లతో కూడా సర్దుకుపోతుంది. తోడుగా ఊదా ఛాయలో ఉండే రస్టీ సిక్లిడ్ బాగుంటుంది. రెడ్ జీబ్రా అనే మరో ఎంబూనాతో మాత్రం కలపొద్దు, రెండూ జతకట్టి సంకర పిల్లలు పెడతాయి. సాలోసి ఉన్నచోట ఎల్లో ల్యాబ్ కూడా వద్దు. రంగు ఒకేలా ఉన్న చేపల మధ్యే తగాదాలు ఎక్కువ.

నీళ్ల విషయంలో మనకు కొంత అదృష్టం ఉంది. హైదరాబాద్‌లో చాలా చోట్ల బోరు నీళ్లు గట్టివి (లవణాలు ఎక్కువున్న హార్డ్ వాటర్), ఈ చేపలకి అవే నప్పుతాయి. టెస్ట్ కిట్‌తో చూస్తే పీహెచ్ 7.8 నుంచి 8.6 మధ్య ఉండాలి. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే వాడాలి. రాళ్లు ముందు అడుగున ఆనించి, ఆ తర్వాతే ఇసుక పోయండి. ఇసుక మీద రాళ్లు పేరిస్తే ఇవి కింద తవ్వి కూలగొడతాయి, అద్దం పగులుతుంది.