వానాకాలంలో ఒక్క రోజు చేతిలో ఉంటే: బొగత, భీమునిపాదం, పాండవుల గుట్టలలో ఏది మేలు?

జూలైలో రెండు మంచి వానలు పడ్డాయంటే హన్మకొండ, వరంగల్, కాజీపేటల్లో ఆదివారం ప్రయాణాల గురించి మాటలు మొదలవుతాయి. జలపాతం చూడాలి, అడవిలో కాస్త నడవాలి, వీలైతే కాకతీయుల నాటి కట్టడం ఒకటి దారిలో ఉండాలి అన్నది చాలామంది కోరిక. ఈ కోరికకు దగ్గరగా వచ్చే దారులు మనకు ముఖ్యంగా మూడున్నాయి. ఏటూరునాగారం దాటి గోదావరి అవతల వాజేడు మండలంలో ఉన్న బొగత, దానికి తోడు రామప్ప మొదటిది. మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోని భీమునిపాదం, దానికి తోడు పాకాల చెరువు రెండవది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్ట, దానికి తోడు గణపురం కోటగుళ్లు మూడవది. ఎక్కువమంది మరో ఆలోచన లేకుండా బొగతకే బయలుదేరుతారు. ఒక్క రోజే ఉన్నవారికి అది సరైన ఎంపిక కాదని నా అభిప్రాయం.

బొగత గొప్పదనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. చీకుపల్లి వాగు వెడల్పాటి రాతి అంచు మీదుగా పరచుకుని ఒక్కసారిగా కిందికి దూకే తీరు మన జిల్లాల్లో మరెక్కడా కనిపించదు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు కొండల్లో, అడవుల్లో పడిన వాన అంతా వాగులోకి చేరుతుంది గనుక ఇక్కడ కురవకపోయినా నీళ్లు రావచ్చు. వానలు వెనుకపట్టాక కూడా ధార కొంతకాలం నిలుస్తుంది. ముళ్లకట్ట దగ్గర గోదావరిపై వంతెన రాకముందు భద్రాచలం వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చిన చోటికి ఇప్పుడు జాతీయ రహదారి మీదుగా నేరుగా వెళ్లగలుగుతున్నాం. అయినా హన్మకొండ నుంచి అది సుమారు 130 కిలోమీటర్లు. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు వేసుకుంటే పగటి వెలుతురులో సగం బండిలోనే గడిచిపోతుంది. అంత దూరం వెళ్లినా అక్కడ నడిచేది తక్కువే. జలపాతం దగ్గరి దాకా చక్కటి బాట ఉంది, కంచె ఉంది, స్నానానికి హద్దులు గీసిన చోటు ఉంది. పిల్లలకు, పెద్దవాళ్లకు ఇది మేలే. అడవిలో నడవాలని వచ్చినవారికి మాత్రం కొరత తీరదు.

వానకూ బొగతకూ ఉన్న సంబంధంలో ఒక చిక్కుంది. జలపాతం అన్నింటికన్నా అందంగా ఉండే రోజులే అన్నింటికన్నా ప్రమాదకరమైన రోజులు. ఉధృతి పెరిగితే అటవీ శాఖ సందర్శకులను ఆపేస్తుంది, ఆపడమే న్యాయం. 2023 జూలై ఆఖరి వారంలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. ఏడాదిలో పడవలసిన వానలో దాదాపు సగం ఒక్క రోజులో కురిసిందన్నమాట. అదే వారంలో వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడబోయిన పర్యాటకులు, తిరుగు దారిలో వాగు పొంగడంతో అడవిలోనే రాత్రి చిక్కుకుపోయారు. సహాయ బృందాలు వెళ్లి వారిని బయటికి తీసుకురావలసి వచ్చింది. నడక పరంగా చూస్తే అసలైన అడవి దారి ముత్యంధారదే. కానీ వాగు దాటి వెళ్లి మళ్లీ అదే వాగు దాటి రావలసిన ఏ దారినీ వానాకాలంలో నేను ఎవరికీ సిఫారసు చేయను. పైన ఎక్కడో కురిసిన వాన కింద మనకు కనిపించదు. మోకాలి లోతు వాగు చూస్తుండగానే నడుము దాకా వస్తుంది. అందుకే ముత్యంధారను ఈ పోలికలో చేర్చలేదు.

బొగతతో పాటు రామప్పను కూడా అదే రోజు చుట్టేయాలన్న ఆలోచన మీద నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది. ఉదయం బొగత చూసుకుని, ఎక్కడో భోజనం చేసి, సాయంత్రం ఐదు గంటలకు పాలంపేట చేరుకునేవారు గుడిని చూడరు, గుడి ముందు ఫొటో దిగుతారు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన ఈ ఆలయాన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. గోడలు ఇసుకరాతివి, కాలంతో పాటు అరిగాయి; స్తంభాలు, దూలాలు, మదనికలనే స్త్రీ శిల్పాలు నల్లటి గట్టి రాతివి, ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి. చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలను ఒక్కొక్కరినీ ఆగి చూడాలి. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల పాదుకలుంటాయి. నడకలో తూలిపోకుండా ఒళ్లు కాస్త వెనక్కు వంచినట్లు శిల్పి మలిచాడు. లోపలి స్తంభాల మీద రాతిని తొలిచి, చెక్కిన బొమ్మకూ వెనుక రాతికీ మధ్య దారం దూరేంత సందు విడిచిన చోట్లున్నాయి. శిఖరానికి వాడిన ఇటుకలు నీటిలో తేలేంత తేలికైనవని అందరూ చెబుతారు గానీ, అంత బరువైన రాతి మండపం పైన అంత తేలికైన శిఖరాన్ని ఎందుకు నిలిపారో తల ఎత్తి చూస్తూ ఆలోచించడానికి తీరిక కావాలి. పొద్దు వాలాక ఆ నల్ల రాతిలో ఏమీ కనబడదు. రామప్పకు కనీసం రెండు గంటల పగటి వెలుగు కేటాయించలేని ప్రయాణంలో దాన్ని చేర్చకపోవడమే మంచిది.

భీమునిపాదం దీనికి భిన్నం. నర్సంపేట మీదుగా వెళ్తే గూడూరు మండలం సీతానగరం దగ్గర, హన్మకొండకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి, చుట్టూ చెట్లు కమ్ముకున్న రాతి గోడ మీదుగా నీరు పడుతుంది. అది భీముడి అడుగు పడిన చోటని స్థానికులు చెప్పుకుంటారు. వెడల్పులో బొగతతో పోటీకి రాదు. చుట్టుపక్కల కురిసిన వానే దీనికి ఆధారం గనుక వానలు తగ్గితే ధార త్వరగా సన్నబడుతుంది. ఎండాకాలం వెళ్లినవారికి రాయి తప్ప ఏమీ మిగలదు. అయితే సగం రోజులో వెళ్లి రావచ్చు, పిల్లలు అలసిపోరు, మిగతా సగం రోజు పాకాలకు దక్కుతుంది.

నర్సంపేట నుంచే మరో దారి పాకాలకు వెళుతుంది. గుట్టల మధ్య కట్ట పోసి 13వ శతాబ్దంలో నిర్మించిన ఈ చెరువు నేటికీ పొలాలకు నీళ్లిస్తోంది. రామప్పలో మనం కాకతీయుల శిల్పాన్ని చూస్తే పాకాలలో వారి లెక్కను చూస్తాం: ఏ రెండు గుట్టల మధ్య ఎంత కట్ట వేస్తే ఎంత నీరు నిలుస్తుందో తెలిసినవారి పని అది. మంచి వానలు పడిన ఏడు మత్తడి దూకుతుంది. ఆ నీరు మున్నేరుగా సాగి కృష్ణలో కలుస్తుంది. ములుగు వైపు వాగులన్నీ గోదావరి దారి పడితే, ఇక్కడి నీరు కృష్ణ వైపు వెళ్లడం నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే విషయం. చిన్న పిల్లలున్న కుటుంబానికి మూడింటిలో నేను చెప్పేది ఈ దారే.

అడవిలో నడక, చరిత్ర రెండూ ముఖ్యమైనవారికి మాత్రం పాండవుల గుట్టను మించినది లేదు. గూడెప్పాడు దగ్గర ఎడమకు తిరిగి పరకాల మీదుగా వెళితే దూరం 50 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ ఉంటుంది. ఇక్కడ చెప్పుకోదగ్గ జలపాతం లేదు; వాన రోజుల్లో రాతి అంచుల నుంచి జారే సన్నని ధారలే ఉంటాయి. ఆ లోటును రాయి తీరుస్తుంది. నిలువునా చీలిన ఇసుకరాతి కొండల మధ్య ఇరుకు దారుల్లో నడుస్తూ, ఎక్కుతూ, వంగుతూ ఎదురు పాండవులు, మేకబండ, గొంతెమ్మ గుహ వంటి చోట్లకు చేరుకోవాలి. 1990లో ఇక్కడి ఆదిమ చిత్రాలు పరిశోధకుల దృష్టికి వచ్చాయి. అడవి దున్న, దుప్పి, పులి, విల్లు, వలయాలు ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉన్నాయి. ముందుకు చొచ్చుకొచ్చిన బండ కింద, వాన జల్లు తగలని మేరకే బొమ్మలు మిగిలాయి. అక్కడ నిలబడితే, మనం తల దాచుకున్న చోటనే వేల ఏళ్ల కిందటి మనుషులూ తల దాచుకున్నారని వేరే చెప్పనక్కరలేకుండా తెలుస్తుంది. ఆ రంగులను చేతితో తాకకూడదు, బొమ్మ బాగా కనబడాలని నీళ్లు చల్లకూడదు. పక్కనే పేర్లు గీకినవారిని తలచుకుంటే బాధ కలుగుతుంది.

గుట్ట దిగాక గణపురం కోటగుళ్లు దూరం కాదు. ప్రాకారం లోపల ప్రధానమైన గణపేశ్వరాలయంతో కలిపి 22 గుళ్ల సముదాయం అది. రామప్ప అంత చెక్కుచెదరకుండా లేదు. చాలా భాగం కూలింది. కానీ ఆదివారం కూడా రద్దీ తక్కువ, గజకేసరి శిల్పాల ముందు ఎంతసేపు నిలబడినా వెనుక నుంచి తొందరపెట్టేవారుండరు. పొద్దున్నే గుట్ట ఎక్కినవారికి ఓపిక, పగటి వెలుగు రెండూ మిగిలితే అక్కడి నుంచి రామప్ప కూడా దగ్గరే.

ఈ దారిలో ఇబ్బంది పాకుడు. తడిసిన ఇసుకరాతి మీద మామూలు చెప్పులు నిలవవు, మోకాళ్ల నొప్పులున్నవారు సగంలో ఆగిపోవలసి వస్తుంది. స్థానికంగా దారి తెలిసినవారిని వెంట తీసుకువెళ్లడం తప్పనిసరి, ఎందుకంటే రాతి చీలికలన్నీ ఒకేలా కనిపిస్తాయి. ముసురు పట్టిన రోజు కన్నా ముసురు విడిచిన మరునాడు వెళ్లడం మంచిది.

బొగతనే చూడాలని మనసు గట్టిగా ఉన్నవారు రెండు రోజులు తీసుకోండి. మొదటి రోజు ఉదయం రామప్ప, రాత్రికి తాడ్వాయిలో బస. మరునాడు పొద్దున్నే బొగత, సమయముంటే తిరుగు దారిలో దామెరవాయి అడవిలోని రాక్షస గుళ్లు, అంటే ఆదిమ కాలపు రాతి సమాధులు. తాడ్వాయి దారిలో 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి వేల సంఖ్యలో చెట్లు నేలకూలిన అడవిని కూడా చూస్తారు. రెండో రోజు బయలుదేరే ముందు వాగు పరిస్థితి ఏమిటో తాడ్వాయిలోనే అటవీ సిబ్బందిని అడగండి. బొగత మూసేశారని తెలిస్తే గోదావరి దాటకుండా లక్నవరం వైపు మళ్లవచ్చు. అది తిరుగు దారిలోనే, గోవిందరావుపేట దగ్గర ఉంది.