లేబర్ లాయర్ దగ్గరకు వెళ్లేవాళ్లు జాగ్రత్త: నా సాక్షి పేరు నా ఎదురుగానే కంపెనీకి చెప్పేశాడు

ఇది జరిగి నాలుగు రోజులే అయింది. కోపం ఇంకా దిగలేదు, వరసగా రాయలేకపోతే ఏమీ అనుకోకండి. ఆ లాయర్ పేరు రాయను. హైదరాబాద్‌లో ఉద్యోగం కేసు పట్టుకుని తిరిగినవాళ్లకు "లేబర్ మ్యాటర్ అయితే ఆయన దగ్గరికే వెళ్లు" అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నాకూ అలాగే చెప్పారు.

నా సంగతి క్లుప్తంగా. ఒక ప్రైవేటు కంపెనీ బిల్లింగ్ సెక్షన్‌లో ఆరేళ్ల నాలుగు నెలలు పనిచేశాను. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం సాయంత్రం హెచ్ఆర్ గదిలోకి పిలిచి "రిజైన్ చేస్తారా, టర్మినేట్ చేయమంటారా" అని అడిగారు. టర్మినేట్ అయితే ఎక్స్‌పీరియన్స్ లెటర్ రాదని భయపెట్టి, వాళ్ల ముందే రిజిగ్నేషన్ మెయిల్ కొట్టించారు. ఆఖరి నెల జీతం 41 వేలు రాలేదు. గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్ల సర్వీసుకు కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు, దాని ఊసే లేదు. నా బేసిక్ 22 వేలు. నెలకు 26 పనిదినాలుగా భాగించి, ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన ఆరేళ్లకు కడితే 76 వేలు దాటుతుంది. రిజైన్ చేసినా, తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో, గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి. నేను లాయర్ దగ్గరకు వెళ్లేసరికి ఆ గడువులు రెండూ దాటిపోయాయి.

ఇంకొకటి. ఆ సాయంత్రం హెచ్ఆర్ గదిలో నా పక్క సీటు అమ్మాయి కూడా ఉంది. ఏదో ఫైలు ఇవ్వడానికి వచ్చి అక్కడే నిలబడిపోయింది. అన్న మాటలన్నీ విన్నది. రాత్రి ఫోన్ చేసి "అక్కా, అవసరమైతే నేను చెప్తాను, కానీ ఇప్పుడే నా పేరు బయటికి రానివ్వకు" అంది. రెండేళ్ల పిల్లాడు, ఇంటి లోను, భర్తకు సరైన పని లేదు. అయినా తనంతట తనే ఆ మాట అంది.

ఆ లాయర్ మొదటిసారి కలిసినప్పుడు కన్సల్టేషన్ ఫీజు 2,000 తీసుకుని పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. అందులో రెండు ఫోన్లు. ఏ తేదీన ఏం జరిగిందో అడగలేదు. నేను అసలు ఏ పని చేసేదాన్నో అడగలేదు. నా కింద ఎవరైనా పనిచేసేవాళ్లా, సెలవులు నేను మంజూరు చేసేదాన్నా, ఇవి అడగాలని నాకు తర్వాత తెలిసింది. ఎందుకంటే కేసు ఏ చట్టం కింద, ఎక్కడ వేయాలనేది హోదా పేరును బట్టి కాదు, చేసిన పనిని బట్టి ఉంటుంది. పైగా 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల చోట నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. "సార్, నాది పాత చట్టం కిందకు వస్తుందా, కొత్తదా" అని అడిగితే "అవన్నీ నీకెందుకమ్మా, నేను చూసుకుంటా కదా" అన్నాడు. అప్పుడే లేచి రావాల్సింది. రాలేదు. పెద్ద లాయర్ కదా, ఆయనకు తెలియదా అనుకున్నాను.

అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ లెటర్లు అన్నీ ఒరిజినల్స్ ఇచ్చేశాను. జిరాక్స్ కూడా తీసుకోలేదు. నా తరఫున వాదించే అధికారం ఇచ్చే కాగితం, వకాలత్ మీద సంతకం పెట్టాను. 25 వేలు అడ్వాన్స్ ఫోన్‌లో పంపాను, రసీదు అడగలేదు. మొత్తం ఫీజు ఎంత, అందులో ఏయే పనులు కలిసి ఉన్నాయి, ఏదీ కాగితం మీద లేదు. "వచ్చినదాంట్లో 20 శాతం నాది" అంటే దానికీ సరే అన్నాను. గెలిచిన డబ్బులో వాటా మాట్లాడుకుని కేసు తీసుకోకూడదని లాయర్ల మీద అజమాయిషీ ఉండే బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఉద్యోగం పోయి నెలన్నర ఇంట్లో కూర్చుంటే బుర్ర పనిచేయదు, ఎవరు ధైర్యం చెబితే వాళ్లే దేవుడిలా కనిపిస్తారు. అయినా నా తప్పు నాదే. కూరగాయలు కొన్నప్పుడు కూడా ఇంతకంటే ఎక్కువ ప్రశ్నలు అడుగుతాను.

పదిహేను రోజులైనా నోటీసు వెళ్లలేదు. జూనియర్‌కు ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి. చివరికి గురువారం నేనే వెళ్లి కూర్చున్నాను. గంటన్నర తర్వాత లోపలికి పిలిచాడు. "నోటీసులు, కోర్టులు అంటే ఏళ్లు పడుతుందమ్మా, ఫోన్ మీద తేల్చేద్దాం" అంటూ నా ఫైలు మీద రాసి ఉన్న నంబర్ చూసి, నన్ను ఒక్క మాట అడగకుండా మా హెచ్ఆర్ మేనేజర్‌కు ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టాడు.

మొదట మర్యాదగానే మాట్లాడాడు. అవతల ఆయన "మేడం ఇష్టపూర్వకంగా రిజైన్ చేశారండీ, మెయిల్ ఉంది" అన్నాడు. మా లాయర్ నవ్వి "మెయిల్ సంగతి వదిలేయండి, బలవంతంగా రాయించారని మా దగ్గర సాక్షి ఉంది" అన్నాడు. నా గుండె జారిపోయింది. చేత్తో వద్దు వద్దని సైగ చేశాను. చూశాడు. చూసి కూడా, "మీ ఆఫీసులోనే ఉంది, ఆ రోజు గదిలోనే ఉంది" అని ఆ అమ్మాయి పేరు చెప్పేశాడు. ఇంటి పేరుతో సహా.

అవతల రెండు మూడు సెకన్లు ఏ శబ్దం లేదు. తర్వాత హెచ్ఆర్ "సరే సార్, థాంక్స్" అని పెట్టేశాడు. ఆ థాంక్స్ ఇంకా నా చెవిలోనే ఉంది.

"పేరు ఎందుకు చెప్పారు సార్, చెప్పొద్దని మొదటి రోజే చెప్పాను కదా" అన్నాను. గొంతు పెగల్లేదు. "అలా బెదిరిస్తేనే దిగివస్తారమ్మా. నాకు నువ్వు నేర్పుతావా? అంత తెలిస్తే నువ్వే వాదించుకో" అన్నాడు. బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా విన్నారు.

ఆ సాయంత్రం ఆరున్నరకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. హెచ్ఆర్ పిలిచి గంటసేపు కూర్చోబెట్టారట. తను ఆ రోజు గదిలోకే రాలేదని రాయించి సంతకం తీసుకున్నారట. ఏడుస్తూ ఒక్కటే అడిగింది, "నా పేరు ఎందుకు చెప్పావక్కా?" నేను చెప్పలేదని ఎలా అనను? లాయర్‌కు చెప్పింది నేనే. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు. నాకు రావాల్సిన లక్షా పదిహేడు వేలు రాకపోయినా బాధ లేదు, ఆ పిల్ల ఉద్యోగానికి ఏమైనా అయితే ఏం చేయాలి?

మరుసటి రోజు ఫైలు వెనక్కి ఇవ్వమంటే "మిగతా 15 వేలు కట్టి తీసుకెళ్లు" అన్నాడు. ఎప్పుడూ మాట్లాడుకోని 15 వేలు. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు ఆపుకునే హక్కు లాయర్‌కు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. క్లయింటు చెప్పిన సంగతులు వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్ ఉంది. ఇవన్నీ రెండు రాత్రులు నిద్ర లేకుండా కూర్చుని చదివాను. మొదటి కన్సల్టేషన్‌కు ముందు ఒక్క రాత్రి చదివినా సరిపోయేది.

కన్స్యూమర్ కోర్టుకు వెళ్దామనుకున్నాను. అదీ కుదరదు. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందకు రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయడమే దారి. రాస్తున్నాను.

నిన్న 15100కు ఫోన్ చేశాను. లీగల్ సర్వీసెస్ వాళ్ల నంబర్ అది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారని ఇన్నాళ్లూ నాకు తెలియదు. ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు కూడా ఇస్తారు. అక్కడ మాట్లాడిన మేడం మొదట అడిగింది తేదీలు. చేరిన రోజు, రిజైన్ చేయించిన రోజు, ఆఖరి జీతం పడిన రోజు. నా దగ్గర వరసగా లేవు. "ఒక పేజీలో రాసుకుని రండి, జిరాక్స్‌లు చాలు, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి" అంది. ఆ ఒక్క మాటకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మీరెవరైనా వెళ్తుంటే ఆ పేజీ ముందు రాసుకోండి. పేస్లిప్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్, మెయిల్స్ ప్రింట్ తీసుకోండి, ఆఫీస్ మెయిల్ ఆగిపోకముందే. ఫీజు ఎంత, దేనికెంత అనేది కాగితం మీద రాయించుకోండి, కనీసం వాట్సాప్‌లోనైనా. నన్ను అడగకుండా కంపెనీతో మాట్లాడొద్దని మొదటి రోజే రాసి పంపండి. సాక్షి పేరు మాత్రం లాయర్ను మొదటిసారి కలిసినప్పుడే చెప్పకండి. "ఒకరున్నారు" అంటే చాలు. మనిషి ఎలాంటివాడో తెలిశాక చెప్పొచ్చు.

రేపు పదకొండింటికి మా అన్నయ్యను తీసుకుని ఫైలు కోసం వెళ్తున్నాను. ఇవ్వమని అడుగుతూ ఉత్తరం రాసి, రెండో కాపీ మీద తీసుకున్నట్టు సంతకం పెట్టమంటాను. ఇచ్చాడో లేదో వచ్చి ఇక్కడే రాస్తాను.